ఘోషాల్ బాబు కారు, అప్పన్న మేస్త్రి గుడ్డలు

మోటారు షెడ్డులో కొత్తగా పనికి చేరిన ఇద్దరు ఆడపిల్లలు మొన్న ఈ ఉక్కు ఊళ్ళో, బారిడీహ్‌లో మా ఇంటికి వచ్చారు. "నానీ, కుఛ్ సిఖావో నా" అన్నారు, అమ్మమ్మా ఏదైనా నేర్పవా అని. నేను తెలుగులో చెబుతుంటే వాళ్ళు హిందీలో ఊఁ కొట్టారు. ఎంత బుర్రకెక్కిందో తెలియలేదు. అందుకని రాస్తున్నాను. వాళ్ళకి తెలుగు చదవడం రాదట, వాళ్ళమ్మల చేత చదివించుకుంటారట. నేను నలభై దాటాక అక్షరాలు దిద్దుకుంది ఇందుకోసం కాకపోయినా, ఇదీ బాగానే ఉంది.

నా జీతం ఎప్పుడు ఎంత పెరిగింది, ఎవరెవరు మెచ్చుకున్నారు అన్నవి మీకు పనికిరావు. పనికొచ్చేది ఒకటుంది. అది ఒక పాత రేసు కారు వల్ల తెలిసింది.

గోడ మీది గీతలు

మా ఆయన సాక్చి బజారు వెనక అప్పన్న మేస్త్రి మోటారు షెడ్డులో ఇంజను సామాను కడిగేవాడు. ఆయన నడుం పట్టేసి మంచమెక్కితే బదులుగా నేను వెళ్ళాను. మేస్త్రిది మా మామగారి ఊరే, శ్రీకాకుళం అవతల. అందుకని నేను 'మావా' అనేదాన్ని, ఆయన 'కోడలా' అనేవాడు. పిలుపులో తప్ప పనిలో ఆ వరస ఎక్కడా కనపడేది కాదు.

మొదటి రోజు ఆయన నా చేతికి కిరసనాయిలు డబ్బా ఇస్తాడనుకున్నాను. సుద్దముక్క ఇచ్చాడు. గోడ మీద నల్లరంగు పూసిన బోర్డు చూపించాడు.

"ఇంజన్లోకి గుడ్డ ఎల్తే నిలువుగా ఒక గీత గియ్యాల. గుడ్డ బైటికొత్తే దాని మీద అడ్డంగా కొట్టెయ్యాల. కొట్టని గీత ఒక్కటున్నా మూత ముయ్యకూడదు. తెలిసిందేటి?"

"నాకు రాయడం రాదు మావా."

"నాకొచ్చేటి? గీతకి బడేటే?"

ఇంజను విప్పినప్పుడు లోపల కన్నాలు కనిపిస్తాయి. వాటిలో నట్టు పడినా, ఇసుక పడినా ఇంజను పోతుంది. అందుకని గుడ్డలు కుక్కుతాం. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గుడ్డలు తియ్యడం మరిచిపోతే, నట్టు పడ్డదే నయమనిపిస్తుంది. నేను చేరిన ఏడాదే ఒక లారీ ఇంజన్లో గుడ్డ వదిలేశాను. అది ఘాట్‌శిలా దాకా వెళ్ళి ఆగిపోయింది. మేస్త్రి ఒక్క మాట అనలేదు. ఆ గుడ్డని ఉతికించి, నెల రోజులు భుజం మీద వేసుకుని తిరగమన్నాడు. తిరిగాను. సాక్చిలో కూరలమ్మేవాళ్ళు కూడా "ఇదేనా అమ్మా ఆ గుడ్డ?" అని పట్టి చూసేవారు.

ఆయన మంచి యజమాని అని నేను చెప్పను. సెలవు అడిగితే చెవుడు వచ్చేది. తనకు తెలియని ఇంజను ఎదురైతే, దాన్ని తయారుచేసినవాడికి పని రాదనేవాడు. కానీ అప్పన్న విప్పిన ఇంజన్లో గుడ్డ మిగలదని ఊరంతా చెప్పుకునేది. ఆయనకు ఇల్లు లేదు, పొలం లేదు, సంతానం లేదు. ఉన్నది ఆ ఒక్క మాటే.

దొంగ వేలు

బిష్టుపూర్‌లో ఘోషాల్ బాబు అనే కాంట్రాక్టరు ఉండేవాడు. వాళ్ళ నాన్న కొన్న విలాయతీ కారు ఒకటి వాళ్ళ కొట్టాంలో ఉండేది. పొడుగు ముక్కు, ఆకుపచ్చ రంగు, తలుపులు లేవు. రేడియేటరు కింద, ముందుకు పొడుచుకొచ్చి, సూపర్‌చార్జర్ ఉండేది. మేమందరం బ్లోయర్ అనేవాళ్ళం. మామూలు ఇంజను తన గాలి తానే పీల్చుకుంటుంది. బ్లోయర్ ఉంటే, పేచీపెట్టే పిల్ల నోట్లో ముద్ద కుక్కినట్టు, గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. ఇంజను బలం చాలా పెరుగుతుంది.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో, యుద్ధం కోసం కట్టి వదిలేసిన విమానాల మైదానంలో ఈ చుట్టుపక్కల బాబులంతా కలిసి కార్ల పందెం పెట్టుకున్నారు. బ్లోయర్ ఉన్న కారు మిగతావాటికంటే రెండు చుట్లు ఎక్కువ తిరగాలని షరతు. పెద్ద ఘోషాల్ బాబు, "మా బ్లోయర్ ఆపేశాం, అది ఊరికే ముందు వేలాడుతోంది" అని కాగితం రాయించి ఇచ్చాడు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది కారు మెకానిక్ అప్పన్న మేస్త్రి. అప్పటికి ఆయనకు మీసాలు నల్లగా ఉండేవి. పందెంలో ఘోషాల్ కారు మొదట వచ్చింది. రెండోది ఊళ్ళో లారీలు తిప్పే మెహతా సేఠ్ వాళ్ళ నాన్న కారు.

మోసం జరిగిందని, బ్లోయర్ తిరిగిందని మెహతాలు అన్నారు. తిరగలేదని ఘోషాల్‌లు అన్నారు. తండ్రులు పోయారు. కొడుకులకు తగువు మిగిలింది. మెహతా సేఠ్ ఆ కాగితం సంపాదించి అద్దం కట్టించి తన లారీ ఆఫీసులో తగిలించాడు. వచ్చినవాళ్ళకు చాయ్ ఇచ్చి, "ఇదిగో, చోర్ కా అంగూఠా", దొంగ వేలు, అని చూపించేవాడు. ముప్ఫై ఏళ్ళు ఆయన లారీ ఒక్కటీ మా షెడ్డు గుమ్మం తొక్కలేదు. మా మేస్త్రి కూడా ఆ ఆఫీసు ముందునుంచి నడవడం ఇష్టంలేక, పోస్టాఫీసుకు వెళ్ళాలంటే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

డెబ్భైల చివర్లో కలకత్తా నుంచి పాత కార్ల సంఘం పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. ఒకాయన లావు, ఒకాయన సన్నం. దేశంలో ఉన్న పాత రేసు కార్ల చరిత్రలన్నీ పుస్తకంగా వేస్తున్నారట. ఘోషాల్ కారు పేరు కింద 'గెలిచింది' అని వెయ్యాలా, 'మోసంతో గెలిచింది' అని వెయ్యాలా తేల్చుకోవడానికి వచ్చారు. మోసమని తేలితే, అబద్ధపు వేలిముద్ర వేసిన మెకానిక్ పేరు కూడా పుస్తకంలో పడుతుందని చెప్పారు.

ఆ మాట విన్న రోజు మేస్త్రి అన్నం తినలేదు. "అద్దం పగిలితే పోద్ది. పుస్తకం ఏటి సేత్తే పోద్దే కోడలా?" అన్నాడు.

సాక్షులు

విచారణ మా షెడ్డులోనే పెట్టారు, రెండు కుటుంబాలూ ఒకరి గడప ఒకరు తొక్కరు కనుక. అందరూ హిందీలో మాట్లాడుకున్నారు. నేను తెలుగులో రాస్తున్నాను.

మొదట ఫొటో వచ్చింది. పందెం ముగిసే గీత దగ్గర తీసిందట. ఫొటో నిండా ఒక మనిషి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు పక్కనుంచి సగం చక్రం కనిపిస్తోంది. ఆ చక్రం మాదంటే మాదని ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. సన్నాయన భూతద్దం పెట్టి చూసి, అది సైకిల్ చక్రమన్నాడు.

తరవాత గెలిచిన కప్పు వచ్చింది. ఘోషాల్ బాబు తల్లి దాన్ని కొంగుతో తుడుచుకుంటూ తెచ్చింది. అంతవరకు అందులో ఆవాలు పోసి ఉంచేదట. లావాయన దాని మీద చెక్కిన అక్షరాలు చదివి, సన్నాయన చేతికిచ్చాడు. పూల పోటీలో గులాబీలకు ఇచ్చిన రెండో బహుమతి అది. పందెం పెట్టినవాళ్ళకు సమయానికి కప్పు దొరక్క, ఎవరింట్లోదో తెచ్చి ఇచ్చేశారట. "అయినా గెలిచిన కప్పే కదా" అంది ఆవిడ.

ఆ తరవాత మనుషులు. మైదానానికి అప్పట్లో కాపలా ఉన్న ముసలాయనను సేఠ్ తీసుకొచ్చాడు. బ్లోయర్ ఊళ తన చెవులారా విన్నానన్నాడు. ఎలా ఉందో చేసి చూపించమన్నారు. ఆయన పళ్ళులేని నోరు తెరిచి సన్నగా, పొడుగ్గా ఊళవేశాడు. బజారులో కుక్కలు బదులు పలికాయి. ఘోషాల్ బాబు తరఫున ఇంకో ముసలాయన లేచి, "అలా కాదు, బ్లోయర్ లేని ఇంజను ఇలా ఉంటుంది" అని బొంగురుగా గుడగుడలాడాడు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి మూడుసార్లు చేయించారు. కలకత్తావాళ్ళు ఇద్దరూ శ్రద్ధగా రాసుకున్నారు. ఏం రాసుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మీరు ఒకటి తెలుసుకోండి. మనుషులు చెప్పింది వినండి, కానీ తేల్చుకోవడానికి ఇంజను విప్పండి. చివరికి సన్నాయన కూడా అదే మాటన్నాడు. "బ్లోయర్ విప్పి చూస్తే సరి కదా?"

అందరూ మేస్త్రి వైపు తిరిగారు.

దేవుడి నోరు

అది ఎవరూ విప్పకపోవడానికి కారణం ఉంది. విశ్వకర్మ పూజ నాడు ఈ ఊళ్ళో బొట్టు పెట్టించుకోని యంత్రం ఉండదు. పందెం అయ్యాక వచ్చిన మొదటి పూజకి మా మేస్త్రే ఆ కారుకి పూజ చేశాడు. బ్లోయర్ మీద గాలి పీల్చే కన్నానికున్న చిన్నమూత తీసి, "అమ్మా, ఇది దేవుడి నోరు. ఏటా దీనికి ప్రసాదం పెట్టాల. ఎవులూ విప్పకూడదు" అని పెద్దబాబు భార్య ఘోషాలమ్మకి చెప్పాడు. ఆవిడ ఆ మాట జవదాటలేదు. అప్పటినుంచి కారు నడిచింది లేదు. ఏటా ఆ నోట్లో బూందీ లడ్డు, నెయ్యి, కొబ్బరి, బంతిపూలు, కుంకుమ పడుతూనే ఉన్నాయి. మిగతా నగరమంతా యంత్రాలకు బొట్టు పెట్టేది. ఘోషాల్‌లు మాత్రం అన్నం పెట్టేవారు.

ఇప్పుడు విప్పమంటే మేస్త్రి, "నా సెయ్యి పెట్టను" అన్నాడు.

"దొంగ తన మూట తాను ఎందుకు విప్పుతాడు?" అన్నాడు సేఠ్.

ఎవరు విప్పాలన్నది ఇంకో తగువైంది. సేఠ్ తెచ్చిన మెకానిక్‌ని బాబు ఒప్పుకోడు, బాబు తెచ్చినవాణ్ణి సేఠ్ ఒప్పుకోడు. లావాయన నన్ను చూపిస్తే, మేస్త్రి కోడలు కదా వద్దన్నాడు సేఠ్. తరవాత నావైపు తేరిపార చూశాడు. "నెల రోజులు భుజం మీద గుడ్డ వేసుకుని బజారులో తిరిగింది నువ్వేనా?"

"అవును సేఠ్‌జీ."

"అయితే నువ్వే విప్పు. తన తప్పు ఊరందరికీ చూపించుకున్న మనిషిని ఇంతవరకు చూడలేదు."

చూసింది కాగితం మీద రాయాలి కూడా. ఇంగ్లీషులో బాబు గుమస్తా రాస్తే సేఠ్ నమ్మడు, సేఠ్ గుమస్తా రాస్తే బాబు నమ్మడు. నాకు తెలుగు తప్ప రాదని చెప్పాను. ఆ మాటకి ఇద్దరి ముఖాలూ ఒకేసారి వికసించాయి. ఇద్దరికీ తెలుగు రాదు, అంచేత ఎవరూ దిద్దలేరు. ముప్ఫై ఏళ్ళలో ఆ రెండు కుటుంబాలూ ఒప్పుకున్న మొదటి విషయం, వాళ్ళిద్దరూ చదవలేని కాగితం.

కారుని బిష్టుపూర్ నుంచి సాక్చికి మనుషుల చేత తోయించుకొచ్చారు. వెనక రిక్షాలో ఘోషాలమ్మ, ఒళ్ళో లడ్డూల పొట్లంతో కూర్చుని వచ్చింది. విప్పేముందు దేవుడికి ఆఖరి ముద్ద పెడతానంది. పెట్టనిచ్చాం.

విప్పడం

బ్లోయర్ పెద్దమూత మరలకి కిరసనాయిలు పోసి నాననిచ్చాను. అందరూ చాయ్‌కి బయటికి వెళ్ళారు. మేస్త్రి వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"కోడలా, అందులో గుడ్డ ఉండదు."

"ఏ గుడ్డ మావా?"

"బ్లోయర్ ఆపీనామని సెప్పడానికి, పిన్ను తీసీసి, లోపల గుడ్డలు కుక్కి, అప్పుడు ఏలిముద్ర ఏసినాను. అది నిజిమే. పందెం దినం పొద్దున్న పెద్దబాబు వచ్చి, 'అప్పన్నా, ఎవడూ సూడ్డంలేదు, మళ్ళీ తగిలించెయ్' అన్నాడు. తగిలించినాను. పిన్ను ఎట్టినాను, గుడ్డలు తీసినాను. సేఠ్ అన్నది నిజిమేనే. నాది దొంగ ఏలే."

బ్లోయర్‌ని ఇంజనుతో కలిపే ఇరుసుకి వేలంత పిన్ను ఒకటి ఉంటుంది. బ్లోయర్ పట్టేస్తే, ఇంజను విరగకుండా ముందు ఆ పిన్ను విరగాలని పెడతారు. పిన్ను లేకపోతే బ్లోయర్ తిరగదు.

"మరి దేవుడి నోరన్నావు కదా?"

"మరేటనను? దేవుడి నోరంటే తప్ప ఎవులూ విప్పకుండా ఉండరు." గుమ్మం వైపు చూసి, "అంతా కుళ్ళిపోనాది, ఏటీ తెలీదని రాసీవే. నీ రాత ఎవులు సదూతారు?" అన్నాడు.

నేను మరలకి ఇంకాస్త కిరసనాయిలు పోశాను. అక్షరాలు నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. బారిడీహ్‌లో మా పక్కింటి టీచరమ్మ నాకు ఆదివారం ఆదివారం దిద్దించేది. అంతవరకు నేను రాసినవి మా పేర్లు, కూరల పేర్లు. నేను రాయబోయే మొదటి పనికొచ్చే కాగితం ఇదే. అందులో అన్నం పెట్టినవాణ్ణి దొంగ అని రాయాలి, లేదా అబద్ధం రాయాలి.

వాళ్ళు తిరిగొచ్చారు. మూత తీశాను. లోపల ముప్ఫై ఏళ్ళ ప్రసాదం లక్కలా గడ్డకట్టి ఉంది. చీమలూ ఎలుకలూ తిన్నది పోగా మిగిలినది పొరలు పొరలుగా కనిపించింది. ఎర్ర పొర కుంకుమ, పసుపు పొర బంతిపూలు, మధ్యలో లడ్డూలు గులకరాళ్ళలా ఉన్నాయి. గరిటెతో గీకుతూ పోయాను. సన్నాయన పక్కన నిలబడి పొరలు లెక్కపెట్టాడు. ఒక పొరలో చిన్న వెండి భరిణ దొరికింది. ఘోషాలమ్మ దాన్ని లాక్కుని కళ్ళకద్దుకుంది. "పోయిందనుకున్నాను. దేవుడు దాచాడు" అంది. సేఠ్ గొంతు సవరించుకున్నాడు.

అడుగున రోటర్లు కనిపించాయి. ఎనిమిది అంకె ఆకారంలో రెండు లోహపు దిమ్మలు. నేతిలో నాని, తుప్పు లేకుండా మెరుస్తున్నాయి. వాటి మధ్యలో వేళ్ళు పెట్టాను. మెత్తగా తగిలింది.

లాగాను. గుడ్డ.

పక్కనే ఇరుసు మూత తీసి చూశాను. పిన్ను బిగించే ఉంది. సరిగ్గా మధ్యకి విరిగి ఉంది.

అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. మేస్త్రి మోసం చెయ్యడానికి పిన్ను పెట్టాడు. గుడ్డ మరిచిపోయాడు. ఇంజను తిరిగిన మొదటి క్షణంలోనే రోటర్లు గుడ్డని పట్టుకున్నాయి, పిన్ను విరిగింది, బ్లోయర్ ఆగిపోయింది. ఆ మోతలో ఎవరికీ తెలియలేదు. బ్లోయర్ ఆపినప్పుడు వాడేందుకు పక్కనున్న మామూలు కార్బురేటరుతోనే కారు పందెం గెలిచింది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన నిజమే చెబుతూ, అబద్ధం చెబుతున్నాననుకున్నాడు.

సంతోషంగా ఆయనవైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది. గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు:

"కోడలా, నీ కాళ్ళట్టుకుంటాను. దొంగనని రాసీయే. గుడ్డ ఒగ్గీసినానని మాత్రం రాయకే."

మొదటి కాగితం

రాశాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసేసరికి వాళ్ళు రెండో చాయ్ కూడా తాగేశారు. అందులో ఇలా ఉంది:

'బ్లోయర్ లోపల ప్రసాదం ఉంది. అడుగున రోటర్ల మధ్య ఒక గుడ్డ ఇరుక్కుని ఉంది. పిన్ను బిగించి ఉంది. పిన్ను విరిగి ఉంది. ఆ రోజు బ్లోయర్ తిప్పాలని చూశారు. తిరగలేదు.'

కింద వేలిముద్ర బదులు నా పేరు రాశాను. లేచి నిలబడి చదివి, హిందీలో చెప్పాను.

ఎవరికీ నచ్చలేదు. గెలిచిన కారుకి బ్లోయర్ లేనట్టే అయిందని ఘోషాల్ బాబు దిగులుపడ్డాడు. ఇన్నాళ్ళూ ఊదని బూరకి అన్నం పెట్టామా అని వాళ్ళమ్మను అడిగాడు. బ్లోయర్ లేని కారు చేతిలో తన తండ్రి ఓడిపోయాడని తెలిసి సేఠ్ కుర్చీలో కూలబడ్డాడు. తరవాత ఆయనకు ఇంకోటి తట్టింది. మెల్లగా నవ్వు వచ్చింది.

"అయితే ఆ గుడ్డ మరిచిపోయిందెవరు? అప్పన్న మేస్త్రా?"

షెడ్డులో పనివాళ్ళందరూ నేల చూశారు. దొంగ వేలు అన్నప్పుడు కూడా మేస్త్రి తల అంతగా వంగలేదు. నా కాగితంలో ఆ పేరు లేదు. రాయకపోయినా సేఠ్‌కి తెలిసిపోయింది. ఇక దాచినా లాభం లేదు.

మేస్త్రి లేచాడు. నా దగ్గరకి వచ్చి కాగితం చూపించి, "నీ రాత తప్పు" అన్నాడు.

"ఏం తప్పు మావా?"

"ఒక గుడ్డ అని రాసినావు. నానెట్టినవి రెండు. ఒకటి తీసి, అయిపోనాదనుకున్నాను. దొంగపనికి గీతలేటిలే అనీసి ఆ దినం గీతలు గియ్యనేదు. రాయి. రెండెట్టినాడు, ఒకటే తీసినాడు, అప్పన్న."

"మావా, ఎన్నని అడగలేదు కదా వాళ్ళు..."

"రాయే. లెక్క తప్పు కాగితం మన షెడ్డునుంచి ఎల్లకూడదు."

రాశాను. కలకత్తావాళ్ళ దగ్గర సిరా మెత్త లేదు. మేస్త్రి, ఇంజన్లోంచి తీసేసిన పాత నూనెలో బొటనవేలు ముంచి, నా పేరు పక్కన గట్టిగా నొక్కాడు. సేఠ్ నవ్వు ఆగిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎందుకో తనకే తెలియనట్టు.

వేలికంటిన నూనె తుడుచుకోవడానికి మేస్త్రి చేతికందిన గుడ్డ తీసుకున్నాడు. బ్లోయర్‌లోంచి వచ్చిన గుడ్డ అది.

"అరే, అది సాక్ష్యం" అని లావాయన చెయ్యి చాచాడు.

"గుడ్డ" అన్నాడు మేస్త్రి. శుభ్రంగా తుడుచుకుని, దాన్ని వాడేసిన గుడ్డల డబ్బాలో వేశాడు. తరవాత బోర్డు దగ్గరకి వెళ్ళి సుద్దముక్క తీసుకున్నాడు. నిలువుగా రెండు గీతలు గీశాడు. మొదటిదాన్ని వెంటనే కొట్టేశాడు. రెండోదాని ముందు కాసేపు నిలబడ్డాడు. డబ్బాలోకి ఒకసారి తొంగి చూసి, దాన్నీ కొట్టేశాడు.

"ఇప్పుడు మూత ముయ్యే కోడలా" అన్నాడు.